బడి ఎన్నికలో ఆలుమగలు

భార్యాభర్తలు ఒకే ఎన్నికలో ఒకరి మీద ఒకరు పోటీ చేస్తున్నారని పేపర్లో వార్త వచ్చిందనుకోండి. పెద్ద వార్తలన్నీ దాటేసి ముందు దాన్నే చదువుతాం. చదివాక ఇంట్లో చర్చ కూడా దాని మీదే. వాళ్లింట్లో ఏవో గొడవలున్నాయని ఒకరంటారు. ఇదంతా నాటకమని ఇంకొకరంటారు. ఎవరు గెలిచినా పదవి ఆ ఇంట్లోనే కదా అని పెద్దాయనెవరో తేల్చేస్తారు. ఇద్దరికీ నిజంగానే వేర్వేరు అభిప్రాయాలున్నాయేమో అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఆ రాని మాట గురించే ఇవాళ్టి మన కబుర్లు. అసెంబ్లీ, పార్లమెంటు సంగతి కాసేపయ్యాక చూద్దాం. ముందు బడి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఆడవాళ్ల ఓటు కథ కొన్ని చోట్ల బడి దగ్గరే మొదలైంది.

అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో మీ బంధువులుంటే అడిగి చూడండి. అక్కడ చాలాచోట్ల ఊరి బడుల్ని నడిపే బోర్డును జనమే ఎన్నుకుంటారు. ఎన్నికలొస్తే ఇళ్ల ముందు పచ్చికలో చిన్న చిన్న బోర్డులు పాతుతారు. న్యూజెర్సీలో అయితే సాధారణంగా మూడేళ్ల పదవి, జీతం లేదు. కానీ బడ్జెట్టు, పాఠ్యక్రమం, బస్సులు, సూపరింటెండెంటు నియామకం, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. చిన్న ఊళ్లలో పోటీ చేసేది ఇరుగుపొరుగు వాళ్లే. అన్నదమ్ములో ఆలుమగలో ఒకే బ్యాలెట్ మీదికి రావడం అక్కడ ఊహకందని సంగతేమీ కాదు.

అక్కడ ఆడవాళ్లకు ఓటు పూర్తిగా రావడానికి చాలా ముందే బడి ఓటు వచ్చింది. కెంటకీ రాష్ట్రం 1838లోనే కొన్ని షరతులతో పల్లెల్లోని వితంతువులకు బడి ఎన్నికల్లో ఓటిచ్చింది. కాన్సస్ 1861లో ఇచ్చింది. మసాచుసెట్స్‌లో 1879లో చట్టమైతే, ఆ మరుసటి ఏడాది కాంకర్డ్ అనే ఊళ్లో బడి కమిటీకి ఓటేసిన ఆడవాళ్లలో ‘లిటిల్ విమెన్’ రాసిన లూయిసా మే ఆల్కాట్ కూడా ఉంది. పిల్లల సంగతి తల్లికి తెలుస్తుంది కాబట్టి బడి వరకూ ఓటివ్వచ్చు అన్నది ఆనాటి పెద్దల వాదన.

కెంటకీ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. వితంతువులకే ఎందుకిచ్చారంటారు? భర్త ఉంటే ఆవిడ మాట ఆయన మాటలోనే ఉందని వాళ్ల లెక్క. ఇల్లొకటి, కాబట్టి గొంతూ ఒకటే. ఆయన పోయాకే ఆవిడకు గొంతు వచ్చినట్టు! భార్యాభర్తలు ఎదురెదురుగా నిలబడితే ఇవాళ్టికీ మనం నోరెళ్లబెడుతున్నామంటే ఆ పాత లెక్క మనలో ఇంకా పోలేదనే అర్థం. ఒక ఇంట్లోంచి రెండు గొంతులు వినిపిస్తే ఆ ఇల్లు కూలిపోతున్నట్టు మనకు తోస్తుంది.

ఇంగ్లండులో బడి ఎన్నిక ఒక పెళ్లికే దారితీసింది, వినండి. 1870లో అక్కడ విద్యాచట్టం వచ్చి స్కూలు బోర్డులు ఏర్పడ్డాయి. ఆడవాళ్లు వాటికి పోటీ చేయొచ్చు. ఆ ఏడాది నవంబరులో లండన్ బోర్డుకు మొదటి ఎన్నిక జరిగింది. మేరిల్‌బోన్ నుంచి ఎలిజబెత్ గారెట్ అనే డాక్టరు నిలబడింది. ఆవిడకు 47,858 ఓట్లు వచ్చాయి. అదే చోట రెండో స్థానంలో నిలిచింది ఎవరనుకున్నారు? డార్విన్ సిద్ధాంతాన్ని భుజాన వేసుకుని వాదించిన హక్స్‌లీ అంతటివాడు. ఆయనకు పదమూడు వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. ఆవిడ ప్రచారంలో ముందుండి పనిచేసిన జేమ్స్ స్కెల్టన్ ఆండర్సన్ అనే ఓడల వ్యాపారి, 1871 ఫిబ్రవరిలో ఆవిణ్ని పెళ్లి చేసుకున్నాడు. భార్య కాబోయే మనిషి బహిరంగ సభల్లో మాట్లాడుతుంటే విని, ఆ మాటకు ఓట్లు అడిగిపెట్టి, ఆ తర్వాత మనువాడిన మగవాడు 1871లోనే ఉన్నాడంటే నాకు ఎంతో ముచ్చటేస్తుంది. పెళ్లయ్యాక కూడా ఆవిడ వైద్యం మానలేదు.

ఇక అసలు పోటీకి వద్దాం. ఇది బడి బోర్డు ఎన్నిక కాదు, అమెరికాలోని యూటా రాష్ట్ర సెనేటు ఎన్నిక. అయినా మొగుడూ పెళ్లాల పోటీ గురించి మాట్లాడుతూ దీన్ని వదిలేస్తే మన కబుర్లకు అర్థం ఉండదు. పైగా దీని కొస బడి దగ్గరికే వస్తుంది.

మార్తా హ్యూస్ కానన్ 1857లో వేల్స్‌లో పుట్టింది. చిన్నప్పుడే కుటుంబంతో యూటాకు వలస వెళ్లింది. అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే పని చేస్తూ చదువుకు డబ్బు కూడబెట్టుకుంది. 1880లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా తీసుకుంది. 1884లో ఆంగస్ కానన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన మోర్మన్ మతపెద్ద, ఆవిడ కన్నా 23 ఏళ్లు పెద్ద, ఆవిడ ఆయనకు నాలుగో భార్య. ఆ రోజుల్లో మోర్మన్లలో బహుభార్యాత్వం ఉండేది, ప్రభుత్వం దాని మీద కేసులు పెట్టేది. భర్త మీదా, తను పురుళ్లు పోసిన ఆడవాళ్ల మీదా కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని, పసిబిడ్డను చంకనేసుకుని 1886లో ఆవిడ ఇంగ్లండుకు వెళ్లిపోయింది. భర్తకు ఇబ్బంది రాకూడదని అంత దూరం పోయిన మనిషి పదేళ్ల తర్వాత ఆయన మీదే పోటీకి నిలబడింది. ఈ రెండూ ఒక్క మనిషిలోనివే అని గుర్తు పెట్టుకోండి.

1896లో యూటా రాష్ట్రమైంది, ఆడవాళ్లకు ఓటు తిరిగి వచ్చింది. నవంబరు 3న ఎన్నిక. సాల్ట్ లేక్ కౌంటీ నుంచి అయిదు సెనేటు సీట్లు. ఆంగస్ రిపబ్లికన్, మార్తా డెమోక్రాట్. సీట్లు అయిదు కాబట్టి ఓటర్లు తలచుకుంటే ఇద్దర్నీ గెలిపించొచ్చు. అయినా పత్రికలకు ఆ లెక్కలు ఎక్కడ పట్టాయి! డెమోక్రాట్ల పత్రిక ఒకటి, ఇద్దరిలో ఆవిడే మెరుగు, ఆవిణ్ని సభకు పంపి ఆయన్ని ఇంట్లో ఉండనివ్వండి అన్న అర్థంలో రాసింది. లెక్క తేలేసరికి ఆవిడకు 11,413 ఓట్లు, ఆయనకు 8,054. అమెరికాలో రాష్ట్ర సెనేటుకు ఎన్నికైన మొదటి ఆడమనిషి ఆవిడే.

గెలిచి ఏం చేసిందన్నదే నాకు ముఖ్యం. దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడపిల్లలకు యజమాని కూర్చోవడానికి పీట వేయాలని చట్టం తెచ్చింది. రాష్ట్ర ఆరోగ్య మండలి ఏర్పాటుకు చట్టం తెచ్చింది. చెవిటి, మూగ, గుడ్డి పిల్లలకు చదువు చెప్పించాలని ఇంకో చట్టం. ఇవన్నీ ఒక డాక్టరుగా, ఒక తల్లిగా ఆవిడ కళ్లతో చూసిన సంగతులు. ఆంగస్ గెలిస్తే ఇవి జరిగేవి కావని అనలేను. కానీ దుకాణంలో పిల్లల కాళ్ల నొప్పులు విన్న చెవులు ఆవిడవి, ఆయనవి కావు. 2024 డిసెంబరులో వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలో యూటా తరఫున ఆవిడ విగ్రహం నిలబెట్టారు.

మరి మన దగ్గర? భార్య అంటే భర్త నీడ అన్న లెక్క మన చట్టంలో కూడా ఉండేది. 1935 చట్టం కింద ఆస్తిపాస్తులో చదువో లేని ఆడమనిషికి, ఓటున్నవాడి భార్య అయినందుకు ఓటొచ్చేది. స్వతంత్రం వచ్చాక వయోజనులందరికీ ఓటు అన్నారు. అయితే మొదటి ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిలో లక్షలాది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా వాడి తల్లిని అని రాయించారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అది కుదరదన్నాడు. పేరు చెప్పని సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. కఠినమే. కానీ తర్వాతి ఎన్నికలకు వాళ్లు తమ పేర్లతో వచ్చారు. ఓటు వేయాలంటే ముందు నీకంటూ ఒక పేరుండాలని ఆయన పట్టుబట్టాడు, నా దృష్టిలో అది సరైన పట్టుదల.

ఈమధ్య కాలంలో ఆలుమగల రాజకీయాలంటే మూడు సంగతులు గుర్తొస్తాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ నుంచి కంకర్ ముంజారే బీఎస్పీ తరఫున నిలబడ్డారు. ఆయన భార్య అనుభా ముంజారే కాంగ్రెస్ ఎమ్మెల్యే. ఆవిడ తన పార్టీ అభ్యర్థికి ప్రచారం చేయాలి. ఒకే కప్పు కింద ఉంటే జనం ఇద్దరూ కుమ్మక్కయ్యారనుకుంటారని, పోలింగు అయ్యేదాకా ఆయన ఇల్లు విడిచి ఒక డ్యాము దగ్గర గుడిసెలో ఉన్నారు. ఆవిడ మాత్రం ఇల్లు వదలలేదు. అదే ఏడాది పశ్చిమ బెంగాల్‌లోని బిష్ణుపూర్‌లో సౌమిత్ర ఖాన్ మీద ఆయన మాజీ భార్య సుజాతా మండల్ పోటీ చేసి 5,567 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2019లో ఆయనకు కోర్టు ఆంక్షలుండి నియోజకవర్గంలో అడుగుపెట్టలేకపోతే, ఊరూరూ తిరిగి ఆయన్ని గెలిపించింది ఆవిడే. 2020 డిసెంబరులో ఆవిడ పార్టీ మారగానే ఆయన విలేకరుల ముందు కూర్చుని విడాకులిస్తానన్నారు. పెళ్లి తెగిన తర్వాతే పోటీ. మన తెలుగునాట 2019లో దగ్గుబాటి వెంకటేశ్వరరావు పర్చూరులో వైసీపీ నుంచి, ఆయన భార్య పురందేశ్వరి విశాఖలో బీజేపీ నుంచి నిలబడ్డారు. ఇద్దరూ ఓడారు, కాపురం మాత్రం ఓడలేదు. ఒకే ఇంట్లో రెండు జెండాలుంటే ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను ఈ మూడూ కలిపి చెబుతాను. ఏ ఇంటి సంగతి ఆ ఇంటిదే.

పంచాయతీ ఎన్నికల్లో ఇంకో రకం పోటీ ఉంది, మీకూ తెలుసు. ఆయన నామినేషన్ వేస్తాడు. ఏ కాగితమో తక్కువై తిరస్కరిస్తారేమోనని ఆవిడ చేత కూడా ఒకటి వేయిస్తాడు. దాన్నే డమ్మీ అంటారు. ఆయనది ఖాయమైతే ఆవిడ గడువులోగా ఉపసంహరించుకుంటుంది. మరిచిపోతే ఇద్దరి పేర్లూ బ్యాలెట్ మీద ఉండిపోతాయి, ఆయనకో గుర్తు, ఆవిడకో గుర్తు. మహిళలకు రిజర్వయిన చోట ఆవిడే సర్పంచి, కుర్చీలో ఆయన. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా గ్రామసభలో సంతకం ఆవిడది, మాట ఆయనది అయిన ఊళ్లు ఎన్నో. నన్నడిగితే, భర్త మీద నిజంగా పోటీ చేసి పది ఓట్లతో ఓడిపోయిన ఆవిడ, భర్త గెలిపించి కూర్చోబెట్టిన ఆవిడ కన్నా ఊరికి ఎక్కువ మేలు చేసినట్టే.

ఇప్పుడు మన బడికి వద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికీ, ప్రభుత్వ సాయం తీసుకునే బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పాతిక మంది పిల్లల తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు. సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ నిబంధన లేదు. మనలో చాలామంది వేలకు వేలు ఫీజు కట్టే చోట మన మాటకు చోటు లేదు, రూపాయి ఫీజు లేని బడిలో కూలికి పోయే తల్లికి చట్టమే చోటిచ్చింది. ఇది నన్నెప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గుర్ని ఎన్నుకుంటారు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లంతా కలిసి ఛైర్మన్నూ వైస్ ఛైర్మన్నూ ఎన్నుకుంటారు. చాలాచోట్ల చేతులెత్తితే సరిపోతుంది, పోటీ గట్టిగా ఉంటే చీటీలు. తెలంగాణలో అదే ఏడాది అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని పెట్టి, మహిళా సంఘాల వాళ్లకు బాధ్యత అప్పగించారు.

ఆ కమిటీ చూసేవన్నీ చిన్న పనుల్లాగే కనిపిస్తాయి. మధ్యాహ్న భోజనంలో అన్నం మెత్తగా ఉందా, గుడ్డు లెక్క సరిగ్గా ఉందా, చిక్కీ వచ్చిందా. మరుగుదొడ్లు కడిగే ఆయాకు జీతం అందిందా. వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయింది. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా వీళ్లే. ఈ చిన్న పనులు సరిగ్గా జరక్క కూడా పిల్లలు బడి మానేస్తుంటారు.

ఇలాంటి కమిటీకి ఒక ఇంట్లోంచి ఇద్దరూ నిలబడ్డారని ఊహించుకుందాం. పేర్లొద్దు. అమ్మాయి ఏడో తరగతి. రాత్రి అన్నాలయ్యాక మాటలు ఇలా సాగాయి.

“ముందు ప్రహరీ కట్టించాలి. గేదెలొచ్చి మొక్కలన్నీ తినేస్తున్నాయి. నేను నిలబడేదే దానికి.”

“గోడ తర్వాత సంగతండీ. పిల్ల పొద్దుట్నుంచి సాయంత్రందాకా మంచినీళ్లు ముట్టట్లేదు, మీకు తెలుసా?”

“ఎందుకు? బాటిల్ ఇచ్చి పంపుతున్నాం కదా?”

“తాగితే బాత్రూముకి వెళ్లాలి కదండీ. అక్కడ నీళ్లు రావు, తలుపుకి గడియ లేదు. నెలలో ఆ నాలుగు రోజులూ అసలు బడికే పోనంటోంది. మీతో ఎలా చెబుతుంది?”

“మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా. నేనే కమిటీలో చెబుతాను.”

“మీరు చెబుతారు, నాకు నమ్మకమే. కానీ వాళ్లు తిరిగి ఏదన్నా అడిగితే మీకేం తెలుస్తుంది? నేనే నిలబడతాను.”

దీన్ని గొడవంటారా మీరు? ఆయన చెడ్డవాడు కాదు, గోడ అక్కర్లేనిదీ కాదు. ఒకే పిల్ల, ఒకే బడి. అయినా తండ్రికి కనిపించిన బడి వేరు, తల్లికి కనిపించిన బడి వేరు. ఇన్నాళ్లూ ఆవిడ చూసిన బడి ఆయన నోటి గుండా బయటికి వచ్చేది, దారిలో సగం జారిపోయేది. ఇప్పుడు ఊరి ముందుకు రెండూ వచ్చాయి. ఇద్దరి గోడూ విని, డబ్బు దేనికి ముందు పెట్టాలో మిగతా తల్లిదండ్రులు తేల్చుకుంటారు. కమిటీకి కావలసింది కూడా ఇదే కదా.

అత్తగారి మాట ఒకటుంటుంది, దాన్ని దాటవేయకూడదు. మగవాడి పరువేం కావాలి అని. ఆ మాట పెద్దావిడ మనసులోంచి వచ్చిందే, కొట్టిపారేయను. కానీ ఆ పరువు దేనితో పోతుందో ఆలోచించండి. భార్యకు తన కన్నా నాలుగు చేతులు ఎక్కువ లేచినందుకా, లేక ఆవిడ పేరు రాయించి తను కుర్చీలో కూర్చున్నందుకా? మొదటిదానికి ఊళ్లో నాలుగు రోజులు చెప్పుకుంటారు. రెండోదానికి ఆయన కూతురు జీవితాంతం గుర్తు పెట్టుకుంటుంది.

నిజమైన పోటీకి కొన్ని మర్యాదలున్నాయి. ఇంటి గుట్టు ఓటు కోసం బయటపెట్టకూడదు. పిల్లల్ని నువ్వెటువైపు అని అడగకూడదు. ఇద్దరిలో ఒకరు సగంలో తప్పుకోవాలనుకుంటే సొంత నిర్ణయంతో తప్పుకోవాలి, రాత్రికి రాత్రి ఎవరో బెదిరిస్తే కాదు. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. మన పల్లెల్లో ఆడవాళ్లు చివరి నిమిషంలో ఎందుకు తప్పుకుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోటీలో నిలబడినందుకు చెయ్యి చేసుకునే ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో ఆవిణ్ని నిలబడమని బయటినుంచి ఉసిగొల్పడం తప్పు. ముందు ఆవిడకు రక్షణ కావాలి, ఎన్నిక తర్వాత.

హెడ్మాస్టర్లకు కూడా ఒక మాట. కమిటీ సమావేశానికి సభ్యురాలి బదులు ఆమె భర్త వస్తే మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆవిడ వచ్చేదాకా సమావేశం మొదలుపెట్టకండి. ఆవిడ కూలి పోకుండా సమావేశం సాయంత్రం పెట్టండి. తీర్మానం చదివి వినిపించాకే సంతకం తీసుకోండి, వేలిముద్ర అయినా సరే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కమిటీల పదవి రెండేళ్లు. మళ్లీ నోటీసు వచ్చిన రోజున బడి బోర్డు మీద అంటిస్తారు. ఇంట్లో ఇద్దరూ వెళ్లి చదవండి. నిలబడాలని ఇద్దరికీ అనిపిస్తే ఇద్దరూ నిలబడండి.